టీవీ తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కనిగిరి. మా ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఎరువుల కొట్టు నడిపేవారు. రెండేళ్ల కిందట దాన్ని అద్దెకిచ్చేసి ఇంట్లోనే ఉంటున్నారు. సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు కూర్చుంటే పదకొండుకు లేస్తారు. అన్నం కూడా అక్కడే, తొమ్మిదిన్నర దాటాక. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకుంటున్నా పోయిన నెల పరగడుపున షుగర్ 168, తిన్నాక 254 వచ్చింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి "ఆ టీవీ తీసేయమ్మా, నాన్న ఆరోగ్యం అదే బాగుపడుద్ది" అని ఫోన్ చేసినప్పుడల్లా పోరుతున్నాడు. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఫ్లోరైడు నీళ్లకు నడుం వంగిపోయింది, మోకాళ్లు పట్టేశాయి. పగలంతా ఆమెకు టీవీయే తోడు. తీసేస్తే ఆమె మొహం చూడలేను. టీవీ మానేస్తే నిజంగా మనుషులు ఆరోగ్యంగా ఉంటారా? – ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఆయనకు టీవీ బాగా తగ్గించాలి. మీ అత్తగారి టీవీ జోలికి వెళ్లొద్దు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగినది ఒకటి మీకు చెప్పాలి.

మా నాయన కావలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు షుగర్ ఉండేది. 2008లో ఆయన పొద్దుపోయేదాకా వార్తలు చూస్తున్నారని నేనే పట్టుబట్టి కేబుల్ తీయించేశాను. డాక్టరు కూతురు చెప్పింది కదా అని ఆయన ఒక్క మాట అనలేదు. అదే వేళకు అదే వాలుకుర్చీ వరండాలో వేసుకుని, రోడ్డు మీద పోయే వాళ్లను చూస్తూ కూర్చునేవారు. ఎనిమిదికే పడుకుని, నిద్రపట్టక రెండింటికి లేచేవారు. మాటలు తగ్గిపోయాయి. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గలేదు, కాస్త పెరిగింది. నేను టీవీ తీశాను గానీ ఆయన్ని కుర్చీలోంచి లేపలేదు. ఆ మూడు నెలలు తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆయన్ని లేపింది ఆయనతో పాటు పనిచేసిన సైన్సు మాస్టారు. రోజూ సాయంత్రం ఐదున్నరకు గుమ్మం ముందు నిలబడి "పదండి మాస్టారూ, జవహర్ భారతి కాలేజీ దాకా పోయొద్దాం" అని పిలిచేవారు. మొదట సగం దూరం పోయి తిరిగొచ్చేవారు. నెల తిరిగేసరికి గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. ఆ సంక్రాంతికి నేనే మళ్లీ కేబుల్ పెట్టించాను. ఏడింటికి వార్తలు చూసి, ఎనిమిదిలోపు అన్నం తిని, తొమ్మిదిన్నరకు పడుకునేవారు. ఆ ఎండాకాలానికి షుగర్ అదుపులోకి వచ్చింది. మాత్ర మార్చలేదు.

పెద్ద పరిశోధనలు చెప్పేదీ దీనికి దూరం కాదు. ఆస్ట్రేలియాలో 8,800 మంది పెద్దవాళ్లను ఆరేళ్లకు పైగా గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. రోజూ టీవీ చూసే సమయం ఒక్కో గంట పెరిగేకొద్దీ చనిపోయే ప్రమాదం సుమారు 11 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ప్రమాదం 18 శాతం ఎక్కువగా కనిపించాయి. ఈ లెక్క మీ అబ్బాయికి చూపిస్తే తన మాటే నిజమంటాడు. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఒంట్లో బాగాలేనివాళ్లు సహజంగానే టీవీ ముందు ఎక్కువసేపు కూర్చుంటారు. టీవీ వల్ల జబ్బా, జబ్బు వల్ల టీవీయా అన్నది ఇలాంటి లెక్కల్లో పూర్తిగా తేలదు. పరిశోధకులు వయసు, పొగతాగడం, తిండి, వ్యాయామం లాంటివి లెక్కలోకి తీసుకున్నారు గానీ అనుమానం మొత్తం తీరిపోదు.

అందుకే నాకు అమెరికాలో చేసిన ఒక చిన్న ప్రయోగం ఎక్కువ ఇష్టం. బరువు ఎక్కువున్న 36 మందిని తీసుకుని, కొందరి ఇళ్లలో టీవీకి తాళం లాంటి పరికరం బిగించారు. వాళ్లు మామూలుగా చూసేదాంట్లో సగం సమయం అయిపోగానే టీవీ ఆగిపోయేది. ఇంకేం చేయమనీ చెప్పలేదు. మూడు వారాల్లో వాళ్లు రోజుకు 119 కేలరీలు ఎక్కువ ఖర్చు చేశారు. తిండి మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. టీవీ ఆగితే మనిషి ఊరికే కూర్చోలేక లేచి ఏదో పని చూసుకుంటాడు. లేచినవాళ్లకే లాభం. మా నాయన లేవలేదు.

ఇక మీ ఆయన సంగతి. ఆయన పగలంతా కూర్చుంటున్నారో లేదో మీరు రాయలేదు. సాయంత్రం నాలుగున్నర గంటలు మాత్రం కదలకుండా ఉంటున్నారు. అదీ రోజంతటిలో పెద్ద భోజనం చేసే వేళ. మన కాళ్లలో, తొడల్లో ఉన్న కండరాలు శరీరంలోకెల్లా పెద్దవి. అవి కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు కాబట్టి వాళ్లకిది మరీ ముఖ్యం. తొమ్మిదిన్నరకు అన్నం తిని పదకొండుదాకా కుర్చీలో ఉండి, అట్నుంచి అటే మంచమెక్కితే ఆ చక్కెర ఎక్కడికి పోతుంది? మీరు రాసిన 254లో కొంత వాటా దీనిదే.

కాబట్టి నేను అడిగే మార్పులు రెండే. మొదటిది, రాత్రి భోజనం ఎనిమిదిలోపు, టీవీ లేని చోట. వంటింట్లో పీట వేసుకునైనా సరే. బొమ్మ చూస్తూ తినే మనిషికి ఎంత తిన్నాడో గుర్తుండదు, మళ్లీ పెట్టమంటాడు. మధ్యలో కారప్పూస, మిక్చర్ డబ్బా ఉంటే అది వేరే లెక్క. ఆ డబ్బా టీవీ గదిలోంచి తీసేయండి. రెండోది, చెయ్యి కడుక్కున్న కాసేపటికి వీధిలో పదిహేను నిమిషాల నడక. వేగంగా అక్కర్లేదు. ఒంట్లో షుగర్ పెరిగే ప్రమాదమున్న పెద్దవాళ్లలో ప్రతి భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిపించి చూశారు. రాత్రి భోజనం తర్వాత పెరిగే షుగర్ మీద ఇది బాగా పనిచేసింది. మీరూ ఆయనతో నడవండి. నా దగ్గరికొచ్చే దంపతుల్లో ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన వాళ్లే ఎక్కువకాలం నిలబెట్టుకున్నారు.

ఆ తర్వాత కాసేపు టీవీ చూడాలనిపిస్తే చూడనివ్వండి. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి గదిలో నాలుగు అడుగులు వేయమనండి. ఇరవై నిమిషాలకోసారి రెండు నిమిషాలు నడిచినా తిన్న తర్వాతి షుగర్ తగ్గుతుందని ఆస్ట్రేలియాలోనే ఇంకో ప్రయోగంలో తేలింది. పదింటికి ఆపేయాలి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది, షుగర్ కూడా మాట వినదు. ఇంకో జాగ్రత్త: టీవీ ఆపించి ఫోన్ చేతిలో పెట్టకండి. ఫోన్ మంచం దాకా వస్తుంది, టీవీ రాదు.

మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. పరగడుపున 168 అంటే మీ డాక్టరు గారు మందు మార్చాల్సి రావచ్చు, ఈ వారమే చూపించండి. చెప్పులు లేకుండా నడవనివ్వకండి. నడిచేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటే, ఆయాసం వస్తే నడక ఆపి ముందు గుండె పరీక్ష చేయించండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే ఆ మూడు నెలల సగటు తెలుస్తుంది. ఒక్కరోజు షుగర్ చూసి సంబరపడొద్దు, భయపడొద్దు.

మీ అత్తగారి గురించి. ఆమెకు టీవీ వల్ల మోకాళ్లు పట్టేయలేదు. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఇలాంటి పెద్దవాళ్లను నేను చాలామందినే చూశాను. ఏళ్ల తరబడి ఎముకల్లో చేరిన ఫ్లోరైడును వెనక్కి తీసే మందు లేదు. పగలు ఇంట్లో ఎవరూ మాట్లాడనప్పుడు ఆమెకు వినిపించే మనిషి గొంతు ఆ టీవీదే. దాన్ని తీసేస్తే ఆమె నడవదు, మంచం పడుతుంది. మా నాయన దగ్గర చేసిన తప్పు మీ ఇంట్లో జరగకూడదు. చూస్తూనే చేయగలిగినవి చెబుతాను. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు ముందుకు చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించమనండి, ఒక్కో కాలికి పదిసార్లు. మడమలు పైకీ కిందకీ ఆడించమనండి. గంటకోసారి చేతికర్ర పట్టుకుని, మీరు పక్కన ఉండగా, వాకిలి దాకా వచ్చి వెళ్లాలి. పొద్దుటి ఎండలో కాసేపు కూర్చోబెట్టండి. తాగడానికీ వంటకీ ఫ్లోరైడు లేని నీళ్లే వాడండి. వంట నీళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. ఇక రోజూ ఒక సీరియల్ ఆమె పక్కన కూర్చుని చూడండి. ఇది నా మనవి.

ప్రశ్న: మా ఇంట్లో పదేళ్లుగా టీవీ లేదు. పిల్లల చదువు కోసం తీసేశాం. అయినా నాకు బీపీ వచ్చింది, పొట్ట పెరిగింది. ఒంగోలులో బట్టల కొట్టు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా గల్లా దగ్గరే. టీవీ మానేసిన లాభం నాకు ఎందుకు దక్కలేదు? – ఒక వ్యాపారి, ఒంగోలు

జవాబు: టీవీ లేదు గానీ మీరు పన్నెండు గంటలు కూర్చుంటున్నారు నాయనా. మీ ప్రశ్నకు జవాబు 1953 నాటిది. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకే బస్సు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్ల కోసం మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. గుండెజబ్బులు కండక్టర్లకు తక్కువ. వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చాయి. తర్వాత వాళ్లకిచ్చిన యూనిఫారాల కొలతలు కూడా తీసి చూస్తే డ్రైవర్ల నడుం కొలత మొదట్నుంచే పెద్దదిగా ఉంది. అంటే తేడా మొత్తం మెట్ల వల్లే అని చెప్పలేం. అయినా ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కదలిక విలువను నిలబెట్టాయి.

మీకు ధైర్యం చెప్పే సంగతి ఒకటి ఉంది. 2016లో పది లక్షల మందికి పైగా జనం వివరాలు కలిపి చూస్తే, రోజుకు గంట నుంచి గంటంపావు చురుగ్గా నడిచే స్థాయి శ్రమ చేసేవాళ్లలో, రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చున్నా దానివల్ల వచ్చే అదనపు ప్రమాదం కనిపించలేదు. రోజుకు ఐదు గంటలకు మించి టీవీ చూసేవాళ్లకు మాత్రం అంత శ్రమ చేసినా ప్రమాదం తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు. మీకా చిక్కు లేదు. గంట ఒక్కసారే దొరక్కపోతే ముక్కలు చేసుకోండి. కొట్టు తెరవకముందు అరగంట, మూసి ఇంటికి పోయేటప్పుడు స్కూటర్ బదులు నడక. పై అరలోని బట్ట తాను కుర్రాడి చేత తీయించకుండా మీరే లేచి తీయండి. ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి. ఉప్పు సంగతి, నిలవ పచ్చళ్ల సంగతి మీ బీపీ డాక్టరు చెప్పే ఉంటారు.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్లు. టీవీలో బొమ్మలు పెడితేనే నోరు తెరుస్తుంది, లేకపోతే ఒక్క ముద్ద తినదు. మా కోడలు ఉద్యోగం చేస్తుంది, పగలు నేనే చూసుకోవాలి. – ఒక నాయనమ్మ, నెల్లూరు

జవాబు: అమ్మా, మీ ఒక్కరి ఇంట్లోనే కాదు, రోజుకు ఇద్దరు ముగ్గురు తల్లులు నాకిదే చెబుతారు. మూడేళ్ల పిల్లకు రోజంతా కలిపి తెర ముందు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది నిండని పిల్లలకు అసలు వద్దంది. బొమ్మలు చూస్తూ మింగే పిల్లకు తన ఆకలి తనకు తెలియదు, కడుపు నిండిందీ తెలియదు. 1999లో అమెరికాలోని శాన్ హోసేలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు టీవీ, వీడియో ఆటలు తగ్గించుకోవడం మీద ఆరు నెలలు పాఠాలు చెప్పారు. ఆ పాఠాలు తిండి గురించి కాదు, ఆటల గురించీ కాదు. ఆ బడి పిల్లలు, ఆ పాఠాలు చెప్పని ఇంకో బడి పిల్లలకంటే తక్కువ లావెక్కారు, టీవీ ముందు కూర్చుని తినే పూటలూ తగ్గాయి.

మీ మనవరాలికి ముద్ద నోట్లో పెట్టడం మానేయండి. మీరు తినేటప్పుడే పక్కన చిన్న కంచంలో నాలుగు మెతుకులు, పప్పు, నెయ్యి వేసి కూర్చోబెట్టండి. కింద పోస్తుంది, చొక్కాకు పూసుకుంటుంది, పూసుకోనివ్వండి. చేపల పులుసు రోజున కారం తక్కువగా ఒక ముక్క ముల్లు తీసి పెట్టండి. మొదటి మూడు రోజులు సగమే తింటుంది. టీవీ కోసం ఏడుస్తుంది, మీ ప్రాణం గిలగిలలాడుతుంది. అరగంట దాటితే కంచం తీసేసి, మళ్లీ వేళకే పెట్టండి. మధ్యలో బిస్కెట్లు, పాలు పోసి కడుపు నింపొద్దు. కోడలికీ కొడుకుకీ ముందే చెప్పి ఒప్పించండి. పగలు మీరు ఆపినది రాత్రి వాళ్లు పెడితే పిల్లకు ఏమీ అర్థం కాదు. నెలకోసారి అంగన్‌వాడీలో బరువు తూయించి, కార్డులో గీత చూడండి. గీత పైకి పోతున్నంతకాలం ఎంత తిన్నదన్న టెన్షన్ వద్దు. వరుసగా రెండు నెలలు పైకి పోకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.