ఓటుకు డబ్బు తీసుకుని, ఓటు మాత్రం మనసుకు నచ్చినవాళ్లకు వేస్తే క్రైస్తవుడికి తప్పా?

మునుగోడు వైపు ఈ ప్రశ్న ఊరికే పుట్టదు. పోలింగ్‌కు ముందు రాత్రి ఎవరో తలుపు తట్టి కవర్ చేతిలో పెట్టి, ఇంట్లో ఎన్ని ఓట్లో లెక్క రాసుకుని పోతారు. మరునాడు చర్చిలో పక్కపక్కనే కూర్చుంటాం.

తప్పే. లంచం చూపున్నవాళ్లను కూడా గుడ్డివాళ్లను చేస్తుందని నిర్గమకాండం 23:8 చెబుతుంది. తీసుకుని మాట తప్పితే అబద్ధం అదనం. చట్టం కూడా ఇచ్చినవాళ్లనే కాదు, తీసుకున్నవాళ్లనూ పట్టుకుంటుంది. ఏడాది వరకు జైలు పడొచ్చు.

పాలకులను నిలదీయమంటే, "అధికారులకు లోబడమన్నాడు కదా పౌలు" అంటారు. రోమా 13లో ఆ మాట ఉంది, నిజమే. కానీ అదే చోట అధికారిని దేవుని పరిచారకుడు అన్నాడు, అంటే పనివాడు. పనివాణ్ణి పని అడగడం ధిక్కారం ఎలా అవుతుంది? ఆహాబు రాజు నాబోతు ద్రాక్షతోట కాజేస్తే ఏలీయా ప్రవక్త నేరుగా వెళ్లి నిలదీశాడు.

మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు వంకర్లు పోయిన కాళ్లు చూసినవాళ్లకు మంచి పాలన అంటే ఏమిటో ఎవరూ బోధించక్కర్లేదు. నల్లాలో మంచినీళ్లు రావడమే. అవి క్రైస్తవుల వాడకే కాదు, ఊరంతటికీ రావాలి. చెరలో ఉన్న యూదులకు, తమను పట్టుకుపోయిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమని యిర్మీయా రాశాడు (29:7).

కాబట్టి కవర్ వెనక్కి ఇచ్చేయండి. పాస్టర్ ఫలానా గుర్తుకే వేయమన్నా, వినాల్సిన పనిలేదు. గ్రామసభకు మాత్రం వెళ్లండి. మనవాళ్లు ప్రార్థన కూడికకు వచ్చినంతమంది అక్కడికి రారు.