చెన్నై వచ్చాక సంఘ సభ్యత్వం ఎక్కడ ఉండాలి?

గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో ఉద్యోగానికి చెన్నై వచ్చేవాళ్ళు గ్యాసు కనెక్షన్ మారుస్తారు, పిల్లల బడి మారుస్తారు, సంఘాన్ని, అంటే చర్చి సభ్యత్వాన్ని మాత్రం ఊళ్ళోనే ఉంచేస్తారు. ఆదివారం ఫోన్లో లైవ్ ఆరాధన, క్రిస్మస్‌కు సొంతూరు. మొదటి రెండు మూడు నెలలు అలా గడిస్తే తప్పులేదు. ఏళ్ళు గడిచాక బిడ్డకు బాప్తిస్మమో, పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో చదివే ప్రకటనలో, ఇంట్లో ఎవరిదైనా భూస్థాపనో వస్తే అసలు చిక్కు తెలుస్తుంది. సమాధుల తోటలో చోటుకు పాస్టరుగారి ఉత్తరం అడుగుతారు. ముఖపరిచయం కూడా లేని కుటుంబానికి ఆయన ఏమని రాసివ్వగలరు?

"ఎలాగూ రెండేళ్ళలో వెళ్ళిపోతాం కదండీ" అంటారు చాలామంది. బైబిల్లో బబులోనుకు చెరపోయినవాళ్ళ గురించి హనన్యా అనే అబద్ధ ప్రవక్త కూడా రెండేళ్ళే అని చెప్పాడు. యిర్మీయా ప్రవక్త మాత్రం 70 ఏళ్ళని వాళ్ళకు ఉత్తరం రాశాడు: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. యిర్మీయా గ్రంథం 28, 29 అధ్యాయాలు వరసగా చదవండి. సొంతూరైన యెరూషలేమును మరచిపొమ్మని అందులో ఎక్కడా లేదు.

బయల్దేరేముందే ఊరి సంఘంలో బదిలీ ఉత్తరం అడగండి. చందా బకాయి ఉంటే కట్టేయండి, చాలాచోట్ల అది తీరితేనే ఇస్తారు. అందరి బాప్తిస్మ, నిర్ధారణ (కన్ఫర్మేషన్), వివాహ పత్రాలు తెచ్చుకోండి. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నుంచి సీఎస్‌ఐకి అయితే డయోసిస్, అంటే బిషప్ పరిధి మారినా పెద్ద ఇబ్బంది ఉండదు. బాప్టిస్టు సంఘంలో చేరేవాళ్ళు ముందే అడగాలి. పసితనంలో చిలకరించి ఇచ్చిన బాప్తిస్మాన్ని అక్కడ సాధారణంగా ఒప్పుకోరు, ముంచి ఇచ్చే బాప్తిస్మం మళ్ళీ తీసుకోమంటారు. అది మనస్సాక్షికి సంబంధించిన సంగతి, కాగితం కోసం తొందరపడి తలూపకండి. కథోలికులకైతే పెళ్ళికి ఆర్నెల్లలోపు తీసిన బాప్తిస్మ పత్రమే కావాలి.

పేరు దగ్గర మరీ జాగ్రత్త. మనకు ముందక్షరం ఇంటిపేరుది, తమిళులకు తండ్రి పేరుది. మీ ఇంటిపేరు 'కె'తో మొదలై, నాన్నగారి పేరు దానియేలు అయితే, కె. సునీల్ కాస్తా రిజిస్టరులో డి. సునీల్ అయిపోతాడు. తర్వాత పాస్‌పోర్టుకూ పెళ్ళి పత్రానికీ పొంతన కుదరదు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు రాయించి, చదువుకున్నాకే సంతకం పెట్టండి.

తెలుగు ఆరాధన నగరంలో దొరుకుతుంది. కానీ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) చివర ఉండేవాళ్ళకు ప్రతివారం అంత దూరం సాగదు. ఇంటి దగ్గరి తమిళ లేదా ఇంగ్లీషు సంఘంలో చేరి, తెలుగు ఆరాధనకు నెలకోసారి వెళ్ళడం మేలని మా అభిప్రాయం. అర్ధరాత్రి జ్వరమొస్తే ప్రార్థన చేయడానికి రాగలిగేది పక్క వీధివాళ్ళే. రాత్రి కుటుంబ ప్రార్థన, కీర్తనలు మాత్రం తెలుగులోనే జరగనివ్వండి, పిల్లలకు ఆ భాష అక్కడే నిలబడుతుంది. దశమభాగం ఇప్పుడు కూర్చునే సంఘానికే ఇవ్వండి, ఊరి గుడికి విడిగా కృతజ్ఞతార్పణ పంపుకోవచ్చు.

ఊరి సంఘంలో సండే స్కూలో, కోశాధికారి పనో మీ చేతిలో ఉంటే లెక్కల పుస్తకం, రసీదు బుక్కులు, బీరువా తాళాలు కమిటీ ముందు అప్పగించి సంతకం తీసుకోండి. ఫోన్లోంచి నడుపుతానని పట్టుకు కూర్చుంటే కొత్తవాళ్ళు ఆ పని నేర్చుకోలేరు.