కిరాయిదారు ఖాళీ చేయకపోతే తాళం మార్చొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మ పేరు మీదున్న ఇంట్లో కింది పోర్షన్ మూడేళ్ల కింద పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకొని కిరాయికిచ్చాం. నెలకు 6,500, అడ్వాన్స్ 13,000. గడువు అయిపోయాక మళ్లీ కాగితం రాసుకోలేదు, కిరాయి మాత్రం తీసుకుంటూ వచ్చాం. నాలుగు నెలలుగా అదీ ఇవ్వట్లేదు. ఖాళీ చేయమంటే పిల్లల పరీక్షలంటున్నారు. వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చేద్దామని తమ్ముడి పట్టుదల. ఎక్కువ రోజులుంటే ఇల్లు వాళ్లదైపోతుందేమోనని అమ్మకు టెన్షన్.

జవాబు: తాళం జోలికి పోకండి. కరెంటు, నీళ్లు ఆపడం కూడా వద్దు. బలవంతంగా బయటికి పంపితే వాళ్లు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదని కోర్టు అడగదు, చట్టం దాటి ఎవరు వెళ్లగొట్టారనే చూస్తుంది. బకాయి పడ్డది వాళ్లు, బోనులో నిలబడేది మీరు అవుతుంది. తమ్ముణ్ని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి.

అమ్మగారి భయానికి ఆధారం లేదు. కిరాయికి ఒప్పుకొని దిగినవాళ్లు ఎన్నేళ్లున్నా కిరాయిదారులే.

మీరు రెంట్ కంట్రోల్ కోర్టుకు పోనక్కర్లేదు. రెంట్ కంట్రోల్ చట్టానికి 2005లో చేసిన సవరణ కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయిలను ఆ చట్టం నుంచి తప్పించింది. కాబట్టి మీకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది, దావా సివిల్ కోర్టులో వేయాలి. ఎగవేతో, సొంత అవసరమో రుజువు చేయాల్సిన పని కూడా ఉండదు.

అసలు పట్టు నోటీసులో ఉంది. గడువు తర్వాత కూడా కిరాయి తీసుకున్నారు కాబట్టి మీది ఇప్పుడు నెలనెలా సాగుతున్న కిరాయి. దాన్ని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు కావాలి. రోజులు లెక్కపెట్టేది మీరు పంపిన తేదీ నుంచి కాదు, వాళ్లకు అందిన తేదీ నుంచి. నోటీసు అమ్మగారి పేరు మీదే వెళ్లాలి. తల్లి పేరు మీదున్న ఇంటి కిరాయిదారుకు కొడుకు తన పేరుతో నోటీసు ఇచ్చి, ఆ ఒక్క లొసుగుతో ఏడాది పోగొట్టుకున్న కేసు నేనే చూశాను. అందినట్టు సంతకం తిరిగొచ్చేలా పోస్టులో పంపి, ఆ కాగితాన్ని అగ్రిమెంటుతో కలిపి భద్రపరచండి. తీసుకోకుండా తప్పించుకుంటే, చట్టం ఒప్పుకున్నట్టే, ఇంటి ముఖద్వారం మీద అందరికీ కనిపించేలా అంటించి ఫొటో తీయించండి.

నోటీసు తర్వాత వాళ్లు ఫోన్‌లో డబ్బు వేస్తే జాగ్రత్త. దాన్ని మామూలు కిరాయిగా తీసుకుంటే నోటీసు వదులుకున్నారని వాదిస్తారు. "నోటీసుకు కట్టుబడే, ఇంట్లో ఉన్నందుకు పరిహారంగా తీసుకుంటున్నాం" అని అదే రోజు రాసి పంపండి.

గడువు దాటినా కదలకపోతే ఖాళీ చేయించడానికి, బకాయికి కలిపి దావా వేయండి. నాలుగు నెలలకు 26,000 అయింది, అడ్వాన్స్ పోను ఇంకా 13,000 రావాలి. ఖాళీ చేయించే దావాకు కోర్టు ఫీజు ఇంటి మార్కెట్ ధర మీద కట్టక్కర్లేదు, ఏడాది కిరాయి 78,000 మీద లెక్కిస్తారు. ఇది తెలియకే చాలామంది కోర్టు మెట్లెక్కరు.

పరీక్షల మాట నిజమే అయితే, పిల్లల్ని మధ్యలో రోడ్డు మీదికి తేవాలని నేను చెప్పను. అయితే నోటిమాట మీద గడువు ఇవ్వకండి. నల్లగొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో, అంటే రాజీతో తగాదాలు తేల్చే వేదికలో, రాజీ చేసుకోండి. ఫలానా తేదీకి ఖాళీ, ఫలానా తేదీకి బకాయి అని అందులో రాయించాలి. అక్కడ ఇచ్చే రాజీ ఉత్తర్వుకు (అవార్డు) సివిల్ కోర్టు తీర్పు (డిక్రీ) అంత బలం ఉంటుంది, మాట తప్పితే నేరుగా అమలుకు పోవచ్చు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు, కాబట్టి అమ్మగారినే వెంట తీసుకెళ్లండి. పాత అగ్రిమెంటు, ఇంటి పన్ను రసీదు, కిరాయి పడిన బ్యాంకు స్టేట్‌మెంటు మరిచిపోకండి.