పక్కింటి కుక్క కోళ్లను చంపితే కోడిపిల్లలతో సరిపెట్టుకోవాలా?

పక్కింటి కుక్క కంచె సందులోంచి దూరి మీ పెట్టల్లో నాలుగింటిని చంపిందని, ఒకటి గాయాలతో మిగిలిందని రాశారు. దాని యజమాని "నాలుగు కోడిపిల్లలు కొనిస్తాను, ఇంతటితో వదిలేయండి" అంటున్నాడు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోకండి. మాకూ అచ్చం ఇలాగే జరిగింది, మా పొరుగాయన కూడా మొదట ఇదే మాట అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కోళ్లు పెంచని మనిషికి పిల్లకూ పెట్టకూ ఉన్న తేడా తెలియదు. ఆ తేడాను కాగితం మీద లెక్కకట్టి చూపించాక ఆయన ధోరణే మారిపోయింది.

పిల్ల గుడ్డు పెట్టే వయసుకు రావడానికి జాతిని బట్టి ఇంచుమించు 18 నుంచి 24 వారాలు పడుతుంది. కొన్ని రకాలకు అంతకంటే ఎక్కువే. అంతకాలం దాణా, టీకాలు, మొదటి వారాల్లో వెచ్చదనం, కాపలా అన్నీ మీ మీదే పడతాయి. వేరు చేయకుండా అమ్మే పిల్లల్లో దాదాపు సగం పుంజులే అవుతాయి, కొన్ని ఎదగకుండానే పోతాయి. నాలుగు పెట్టలకు బదులు నాలుగు పిల్లలను తీసుకుంటే నెలల తరబడి మేపే ఖర్చును, ఆ నెలల గుడ్లను మీరు పొరుగువారికి ఉచితంగా వదిలేసినట్టే. మీరు అడగవలసింది అదే జాతి, అదే వయసు పెట్టను ఇప్పుడు కొనాలంటే ఎంత పెట్టాలో ఆ ధర. ఇద్దరు ముగ్గురు అమ్మకందారులను అడిగి ఆ ధరలు రాతలో తెప్పించుకోండి. మీరు చెప్పిన అంకె కంటే బయటివాళ్లు రాసిచ్చిన అంకెను ఎదుటివారు ఎక్కువగా నమ్ముతారు.

ఆ ధరకు, కొత్త పెట్టలు వచ్చి గుడ్డు మొదలుపెట్టేదాకా పోయిన గుడ్ల విలువ కలపండి. ఏ పెట్టయినా పొదుగులో ఉండగా చనిపోతే దాని కింది గుడ్లు కూడా నష్టమే. పొదుగు పట్టేది 21 రోజులు, అందులో చివరి వారానికి వచ్చిన గుడ్లంటే పిల్లలతో సమానం. విరిగిన గూడు తలుపు, చినిగిన వల, వైద్యుడి ఫీజు కూడా రాయండి. అయితే నిజాయితీగా రాయండి. పెట్ట మొదటి ఏడాదిలో పెట్టినన్ని గుడ్లు తర్వాత పెట్టదు, ఏటేటా తగ్గుతూ పోతుంది. నాలుగేళ్ల పెట్టకు కొత్త పెట్ట ధర అడిగితే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. మా జాబితాలో ముసలి పెట్టకు తక్కువ ధర వేశాం. అది చూశాకే పొరుగాయన మిగతా అంకెలతో వాదించడం మానేశాడు. మా అమ్మాయి పేరు పెట్టి పిలుచుకునే పెట్ట కూడా అందులో పోయింది. ఆ బాధకు ఏ జాబితాలోనూ చోటు లేదు. చట్టాలు చాలావరకు కోడిని ఆస్తిగానే చూస్తాయి. ఆ బాధ మీకూ ఉంటే దాన్ని పొరుగువారితో మాటల్లో చెప్పండి, అంకెల్లో కలపకండి.

గాయపడిన పెట్టను ఈరోజే మళ్లీ చూడండి. ఈకలు పాయలు తీసి, రెక్కల కింద, తోక మొదట్లో, వీపు మీద చర్మం వెతకండి. కుక్క కోర దిగిన చోట పైకి చిన్న చిల్లే కనిపిస్తుంది, లోపల కండ చీలి ఉండవచ్చు. కుక్క నోటి సూక్ష్మక్రిములతో చీము పట్టడం మామూలే. మా పెట్టల్లో ఒకటి పైకి చెక్కుచెదరలేదు, మేత కూడా తిన్నది, కొన్నాళ్లకు రెక్క కింద గాయం కుళ్లి చనిపోయింది. అప్పటికి మేము ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు కాబట్టి దాన్ని కూడా లెక్కలో చేర్చగలిగాం. వైద్యుడు యాంటీబయాటిక్ ఇస్తే, ఎన్నాళ్లు ఆ గుడ్లు తినకూడదో అడిగి రాయించుకోండి, అదీ నష్టమే. బెదిరిపోయిన కోళ్లు గుడ్లు ఆపేయడం, ఈకలు రాల్చడం కూడా జరుగుతుంది. రోజూ ఎన్ని గుడ్లు వస్తున్నాయో ఇప్పటినుంచే రాసుకోండి.

యజమాని ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు కదా, సాక్ష్యాలెందుకు అనుకోవద్దు. డబ్బు మాట వచ్చేసరికి "మా కుక్కే అని ఏమిటి నమ్మకం?" అనేవాళ్లను చూశాను. ఆయన పిల్లలు కొనిస్తానన్న సందేశం ఫోనులో ఉంటే దాచండి. నోటిమాటే అయితే, "నిన్న మీరు ఇలా అన్నారు, నేను ఆలోచించి చెబుతాను" అని మీరే మర్యాదగా ఒక సందేశం పంపండి. చనిపోయిన కోళ్లు, చెల్లాచెదురైన ఈకలు, అడుగుజాడలు, కంచెలో సందు, దాని తీగకు చిక్కిన వెంట్రుకలు ఫొటోలు తీసి ఉంచండి. ఎవరింట్లోనైనా కెమెరా ఉంటే వెంటనే అడగండి, చాలా కెమెరాలు పాత దృశ్యాలను కొద్దిరోజుల్లో చెరిపేసి కొత్తవి నింపుతాయి. చంపిన తీరు కూడా చాలా చెబుతుంది. కుక్కలు ఎక్కువగా తరిమే సరదాలోనే చంపుతాయి, కళేబరాలను తినకుండా అక్కడక్కడ పడేసి పోతాయి. నక్క అయితే చాలాసార్లు దొరికినదాన్ని మోసుకుపోతుంది. ఈ తేడాను వైద్యుడు రెండు వాక్యాల్లో రాసిచ్చినా మీకు బలం.

ఇక చట్టం సంగతి. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో 1971 నాటి జంతువుల చట్టం ప్రకారం కుక్క పెంపుడు పశువులను చంపితే దాన్ని ఉంచుకున్నవారే బాధ్యులు, కోళ్లు కూడా అందులోకి వస్తాయి. "ఇంతకు ముందెప్పుడూ ఇలా చేయలేదు" అన్న సమాధానం అక్కడ చెల్లదు. అదే చట్టంలో ఇంకో మాట ఉంది. కోళ్లే కుక్క యజమాని స్థలంలోకి వెళ్లి అక్కడ చనిపోతే ఆయన బాధ్యుడు కాడు. అందుకే కోళ్లు ఎక్కడ చనిపోయాయో ఫొటోల్లో స్పష్టంగా కనిపించాలి. మరికొన్ని చోట్ల యజమాని అజాగ్రత్తను మీరే చూపించాలి. గేటు ఎప్పుడూ తెరిచే ఉండటం, కుక్క ఇంతకు ముందు కూడా మీ పెరట్లోకి రావడం, మీరు చెప్పినా పట్టించుకోకపోవడం, ఇవన్నీ అప్పుడు పనికొస్తాయి. మీ ప్రాంతంలో పెరట్లో కోళ్లు పెంచడానికి అనుమతి కావాలా అన్నది ముందే తెలుసుకోండి, ఎదుటివారు మొదట పట్టుకునేది అదే.

తర్వాత ఒక ఉత్తరం రాయండి. జరిగిన తేదీ, చనిపోయిన కోళ్ల వయసు, జాతి, లెక్క, చెల్లించడానికి రెండు వారాల గడువు, వీటితో ఒక పేజీ చాలు. బెదిరింపు, వెటకారం వద్దు, అదే ఉత్తరం రేపు న్యాయస్థానంలో చదవవచ్చు. ఆయనకు ఇంటి బీమా ఉంటే అందులో కుక్క వల్ల జరిగే నష్టానికి రక్షణ ఉందేమో చూడమని చెప్పండి. చాలామందికి ఆ సంగతే తెలియదు, తెలిశాక బిగుసుకున్న ముఖం సడలుతుంది. గడువు దాటితే మధ్యవర్తి, ఆ తర్వాత చిన్న మొత్తాల వివాదాలు వినే న్యాయస్థానం. కోపంలో కుక్కకు విషం పెట్టడం, దెబ్బ కొట్టడం మాత్రం తలపెట్టకండి. అది క్రూరత్వం. పైగా ఆ క్షణం నుంచి నేరం మీదవుతుంది.

ఒప్పందం కుదిరితే డబ్బుతో పాటు కంచె సందు ఎవరు, ఏ తేదీలోగా మూయాలో కూడా అందులో రాయించండి. ఒకసారి కోళ్లను తరిమిన కుక్క మళ్లీ రావచ్చు, కొత్త పెట్టలను తెచ్చేలోపే ఆ పని పూర్తి కావాలి. వాయిదాల్లో ఇస్తానంటే తేదీలతో ఒప్పుకోండి. డబ్బు మొత్తం చేతికి అందాకే "ఇక బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టండి. అప్పటికి గాయపడిన పెట్ట ఇంకా కోలుకోకపోతే, దాని వైద్యం ఖర్చును ఆ కాగితంలో విడిగా మినహాయించి రాయించుకోండి.