సబ్బు మోతాదు పెంచినా నీటి బొట్టు ఇంకా ఎందుకు పరుచుకోదు?

మైనం పూసిన పలక మీద మామూలు నీటి బొట్టు గుండ్రంగా నిలబడుతోందనీ, డిష్‌వాష్ లిక్విడ్ కలిపితే కొంత పరుచుకుని ఆగిపోయిందనీ, రెట్టింపు పోసినా తేడా లేదనీ అడిగారు. మోతాదుతో తేలే సంగతి కాదిది. ఆ సబ్బుకి ఉన్న శక్తే అంత.

నీటి పైపొరని బిగించి బొట్టుని గుండ్రంగా ఉంచే లాగుడుని తలతన్యత అంటారు. 20 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకి 72.8 మిల్లీన్యూటన్లు. దాన్ని తగ్గించే సబ్బులాంటి పదార్థమే సర్ఫాక్టెంట్. దాని అణువులు నీళ్ళని ఇష్టపడే తలని నీళ్ళలో, ఇష్టపడని తోకని గాలిలో పెట్టి పైపొరలో సర్దుకునే కొద్దీ అది దిగుతుంది. పైన చోటు నిండాక మిగతావి నీళ్ళ లోపల గుంపులు కడతాయి. వాటినే మైసెల్స్ అంటారు. అక్కడి నుంచి ఎంత పోసినా తలతన్యత దాదాపు కదలదు. డిటర్జెంట్లలో వాడే సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కి ఆ హద్దు లీటరుకి సుమారు 2.3 గ్రాములు, అప్పటికి తలతన్యత 38 దరిదాపుల్లో ఉంటుంది. పారఫిన్ మైనం మీద ద్రవం పూర్తిగా పరుచుకోవాలంటే సుమారు 25కి దిగాలి. పాలిథీన్‌కి 31 చాలు, టెఫ్లాన్‌కి 18 కావాలి. మైనం మీద పని జరగాలంటే ట్రైసిలోక్సేన్ రకం సిలికోన్ సర్ఫాక్టెంట్ వాడండి. 0.1 శాతంతోనే 20-22కి దించుతుంది. కాకపోతే పీహెచ్ 6-8 మధ్య లేకపోతే అది నీళ్ళలోనే విరిగిపోతుంది, కాబట్టి కలిపిన రోజే వాడెయ్యాలి.

తలతన్యత ఒక్కటే చూసుకుంటే గాజు దగ్గర బోల్తా పడతారు. నీళ్ళలో గాజుకి ఋణావేశం ఉంటుంది. బట్టల సాఫ్టెనర్లలో ఉండే ధనావేశపు సర్ఫాక్టెంట్ తలని గాజుకి అతికించి తోకని బయటికి పెడుతుంది. శుభ్రమైన గాజు కాస్తా మైనం పూసినట్టవుతుంది, పరుచుకున్న బొట్టు అంచులు వెనక్కి ముడుచుకుంటాయి. గాఢత బాగా పెంచితే రెండో పొర తలలు బయటికి పెట్టి కూర్చుంటుంది, గాజు మళ్ళీ తడుస్తుంది. అంటే ఘనపదార్థానికీ ద్రవానికీ మధ్య పొరలో ఏం జరుగుతోందో కూడా చూడాల్సిందే.

మీ సబ్బు హద్దు మీరే కనుక్కోవచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో 0.4 శాతంతో మొదలుపెట్టి, ప్రతిసారీ సగానికి పలచన చేస్తూ ఆరు గ్లాసులు సిద్ధం చేసుకోండి. నురగ రాకుండా గోడ వెంబడి పోసి మెల్లగా కలపండి. సన్న సూది సిరంజితో 5-8 మైక్రోలీటర్ల బొట్టు పెట్టి, సరిగ్గా 30 సెకన్ల తర్వాత పక్క నుంచి ఫోటో తియ్యండి. బొట్టు అంచు పలకతో చేసే కోణమే స్పర్శకోణం. ఎత్తుని రెండింతలు చేసి వెడల్పుతో భాగిస్తే ఆ కోణంలో సగానికి టాంజెంట్ వస్తుంది. వెడల్పు 4 మిల్లీమీటర్లు, ఎత్తు 1.15 ఉంటే కోణం 60 డిగ్రీలు. పెద్ద బొట్టు బరువుకి చదునవుతుంది, అప్పుడు ఈ లెక్క పనికిరాదు. పలచని గ్లాసు నుంచి చిక్కని దాని వైపు వెళ్తూ, ఏ గ్లాసు దాటాక కోణం తగ్గడం మానేసిందో అదే హద్దు. పలక మీద వేలి జిడ్డు ఉంటే అంకెలు ఎటు పడితే అటు పోతాయి. అసలైన సబ్బు ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్ళలో కాల్షియంతో తెట్టు కడుతుంది, డిటర్జెంట్లకి ఆ బెడద తక్కువ.

ఇలా నిలకడ బొట్టు మీద బాగున్న ద్రావణం స్ప్రేలో విఫలమవడం మామూలే. స్ప్రే బొట్టు తగిలి పరుచుకుంటుందా, ఎగిరి అవతల పడుతుందా అన్నది కొన్ని మిల్లీసెకన్లలో తేలుతుంది. అంతలో కొత్తగా పుట్టిన పైపొరకి అణువులు చేరుకోలేకపోతే ఆ క్షణానికి అది దాదాపు ఒట్టి నీరే. అందుకే స్ప్రేకి హద్దు గాఢత చాలదు, అంతకన్నా ఎక్కువ కలపాలి, లేదా త్వరగా కదిలే చిన్న అణువుల రకం ఎంచుకోవాలి.