మీరడిగారు: కుర్దుల కొండల్లో బహాయీలు

ప్రశ్న: బహాయి మతం కుర్దుల దగ్గర పుట్టిందని మా ఊరి లైబ్రరీలో ఒకాయన, కాదు ఇరాన్‌లోనేనని ఇంకొకాయన వాదించుకున్నారు. ఎవరిది రైటు?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: రెండో ఆయనదే. 1844 మేలో ఇరాన్‌లోని షీరాజ్‌లో అలీ ముహమ్మద్ అనే యువ వర్తకుడు తాను ‘బాబ్’నని (అరబ్బీలో ద్వారం అని అర్థం) ప్రకటించుకోవడంతో ఇదంతా మొదలైంది. అయితే మొదటాయన మాట కూడా గాల్లోంచి ఊడిపడింది కాదు. బాబ్ పలుకుబడి పెరుగుతుంటే ప్రధాని హాజీ మీర్జా ఆఖాసీ 1847లో ఆయన్ని ఇరాన్ వాయవ్య సరిహద్దులోని మాకూ కోటలో బందీగా పెట్టించాడు. చుట్టుపక్కల ఉండేది ఇరాన్, ఇరాక్, తుర్కియే కొండల్లో బతికే కుర్దు జాతివాళ్ళు, అదీ సున్నీలు; షియాల్లోంచి వచ్చిన బోధకుణ్ణి దగ్గరికి రానివ్వరని అతని లెక్క. లెక్క తప్పింది. మొదట్లో కఠినంగా ఉన్న కోట అధికారి అలీఖానే మెత్తబడి, చూడవచ్చినవాళ్ళను లోపలికి వదిలాడు. దాంతో 1848లో చెహ్రిఖ్ కోటకు మార్చారు. అదీ కుర్దుల ప్రాంతమే! 1850 జూలై 9న తబ్రీజ్‌లో బాబ్‌ను కాల్చి చంపారు.

ఆ తర్వాతి కథ బాబ్ అనుచరుడూ, బహాయి మత స్థాపకుడూ అయిన బహావుల్లాది. దేశ బహిష్కారంతో 1853లో బాగ్దాద్ చేరిన ఆయన, బాబ్ అనుచరుల్లో కలహాలు ముదరడంతో 1854 ఏప్రిల్ 10న ఇంట్లో చెప్పకుండా కుర్దిస్తాన్ కొండలకు వెళ్ళిపోయారు. అక్కడ పెట్టుకున్న పేరు దర్వేష్ (అంటే ఫకీరు) ముహమ్మద్. మొదటి మకాం సర్‌గలూ కొండ మీద, ఒక్కోసారి గుహలో, ఒక్కోసారి రాతి గుడిసెలో. విత్తనాలప్పుడూ కోతలప్పుడూ, ఏడాదికి రెండుసార్లు తప్ప రైతులు అటు తొంగి చూడరు. మన లంకల్లో పంట రోజుల్లో వేసుకునే మకాం పాక లాంటిదన్నమాట.

తర్వాత సులేమానియా పట్టణంలో నక్ష్‌బందీ అనే సూఫీ సంప్రదాయంలోని ఖాలిదియా శాఖ తకియాలో, అంటే మఠంలో ఉన్నారు. అక్కడి పండితులు ఆయన్ని గుర్తించింది బోధ విని కాదు, చేతిరాత చూసి. ఆ తర్వాత సూఫీ తత్త్వవేత్త ఇబ్న్ అరబీ గ్రంథంలోని చిక్కుముడులు విప్పమన్నారు. ఆపైన అరబ్బీ కవి ఇబ్న్ అల్ ఫారిద్ కావ్యం ఫక్కీలో, అదే ఛందస్సులో, అదే అంత్యప్రాసతో పద్యం చెప్పమన్నారు. రెండు వేల ద్విపదలు చెప్పి 127 మాత్రమే ఉంచారని బహాయి చరిత్ర. ఆయన 1856 మార్చి 19న బాగ్దాద్ తిరిగొచ్చాక కుర్దు షేకులు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన పుస్తకాల్లో ‘సప్త లోయలు’ ఖానఖీన్ పట్టణ ఖాజీకీ, ‘నాలుగు లోయలు’ కిర్కూక్‌లోని ఖాదిరీ అనే ఇంకో సూఫీ సంప్రదాయపు షేకుకీ రాసిన జవాబులే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ షేకులు గౌరవించింది ఒక దర్వేషునీ, పండితుణ్ణీ. బాబ్ చెప్పిన రాబోయే ప్రవక్తను తానేనని బహావుల్లా ప్రకటించింది 1863 ఏప్రిల్‌లో, బాగ్దాద్ రిజ్వాన్ తోటలో. అంటే కొండలు దిగిన ఏడేళ్ళకి. కాబట్టి సులేమానియా సూఫీలను తొలి బహాయీల జాబితాలో వేయడం అతి. పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కే హిందువుల్ని ముస్లింలని లెక్కేస్తామా?

ప్రశ్న: మా అన్నయ్య ఇరాక్‌లోని కుర్దిస్తాన్ ప్రాంత రాజధాని ఎర్బిల్‌లో పనిచేస్తున్నాడు. అక్కడ బహాయీలు బాహాటంగా ఉంటారట, బాగ్దాద్‌లో కుదరదట. ఒకే దేశంలో రెండు తీర్లా?
– గృహిణి, రాజోలు

జవాబు: ఔనమ్మా. 1970 నాటి 105వ నంబరు చట్టంతో ఇరాక్ బహాయి కార్యకలాపాలను నిషేధించింది. కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వం మాత్రం ఈ మతాన్ని గుర్తించింది. అక్కడి ధర్మాదాయ, మత వ్యవహారాల శాఖలో బహాయీలకు ప్రతినిధి కూడా ఉన్నారు.

చిక్కంతా గుర్తింపు కార్డు దగ్గర. అది దేశమంతటికీ ఫెడరల్ చట్టం కిందే ఇస్తారు, దాని దరఖాస్తులో మతం గడిలో ‘బహాయి’ అని రాయించుకోవడానికి వీల్లేదు. ‘ముస్లిం’ అనో, గుర్తింపున్న ఇంకో మతం పేరో రాయించుకోవాలి, లేదా కార్డే వదులుకోవాలి. కార్డు లేకపోతే పెళ్ళి రిజిస్ట్రేషనూ పిల్లల స్కూలు అడ్మిషనూ ఆగిపోతాయి. ఎర్బిల్‌లో ఇరుగుపొరుగు ఎంత మంచివాళ్ళయినా ఈ గడి పూరించలేరు.

ప్రశ్న: మా పక్కింటివాళ్ళు బహాయీలు. మార్చి 10న మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. మధ్యాహ్నం భోజనాలకు పిలిస్తే బాగుంటుందా?
– రావులపాలెం

జవాబు: పిలవండి, కానీ పూట మార్చండి. మార్చి 1 లేదా 2 నుంచి 19 రోజులు వాళ్ళ ఉపవాసం. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. అది ముగిశాక, 20న గానీ 21న గానీ నవ్‌రూజ్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం.

ఉపవాసం 15 నుంచి 70 ఏళ్ళవాళ్ళకే. జబ్బుపడ్డవాళ్ళకు, ప్రయాణంలో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, బాలింతలకు, బహిష్టులో ఉన్నవాళ్ళకు, ఒళ్ళొంచి బరువు పని చేసేవాళ్ళకు మినహాయింపు. అంటే కొబ్బరి దింపు కార్మికుడు మానెయ్యొచ్చు. కాకపోతే అతనూ మితంగా, నలుగురి కళ్ళా పడకుండా తినాలని నియమం. అందుచేత ఇంట్లో ఒకరు తింటున్నారు కదాని మిగతావాళ్ళను మొహమాటపెట్టకండి.

పొద్దు వాలాక వడ్డిస్తే హాయిగా తింటారు. మాంసం వద్దనే నియమం లేదు, కాబట్టి శాకాహారమా కాదా అన్నది ఆ ఇంటివాళ్ళనే అడగండి. మద్యం మాత్రం ఏ రోజూ ముట్టరు. కల్లు కూడా అందులోకే వస్తుంది.