ఆయన కోలుకున్నారు, నా నిద్ర మాత్రం తిరిగి రాలేదు

ప్రశ్న: నా వయసు 46. ఐదు నెలల క్రితం మావారికి గుండెకు స్టెంట్ వేశారు. ఆ టెన్షన్‌లో నాకు నిద్ర కరువైంది. ఇప్పుడు ఆయన బాగానే ఉన్నారు. నేను మాత్రం తొమ్మిదింటికే పడుకున్నా ఒంటిగంట దాటితే గానీ కన్ను మూతపడదు. వారంలో నాలుగైదు రోజులు ఇంతే. పగలంతా తల దిమ్ము, చిరాకు. ఇది జబ్బేనా? నిద్రమాత్ర తెచ్చుకోవచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: జబ్బేనండీ. మీ మనసు బలహీనత అని మాత్రం అనుకోకండి. పడుకునే వీలున్నా నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ వచ్చేయడం, తెల్లవారకముందే లేచి కూర్చోవడం... వీటిలో ఏదైనా ఉండి, పగటి పనులు దెబ్బతింటుంటే అది నిద్రలేమి. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే దీర్ఘకాలికం అంటాం. మీది అదే.

ఒకప్పుడు దీన్ని ప్రైమరీ, సెకండరీ అని విడదీసేవారు. వేరే జబ్బు వల్లో దిగులు వల్లో వస్తే సెకండరీ. అసలు కారణం తగ్గితే నిద్ర దానంతటదే వస్తుందని నమ్మేవారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) వర్గీకరణ ఆ విభజనను తీసేసింది. అది ఎంత సబబో మీ సంగతే చెబుతోంది. మీవారి గుండె కుదుటపడింది, మీ నిద్ర కుదుటపడలేదు. దానికి విడిగా వైద్యం కావాలి.

కారణం పోయాక కూడా దాన్ని నిలబెడుతున్నది ఎలాగైనా నిద్రపోవాలన్న ఆరాటమే. పెందలాడే పడక ఎక్కుతారు. ఫోన్‌లో టైమ్ చూస్తే పదకొండున్నర. ‘ఇప్పుడు పట్టినా ఐదారు గంటలే’ అని లెక్క. మళ్లీ చూస్తే పన్నెండుంబావు. గుండె దడ. నా దగ్గరికొచ్చే చాలామంది చెప్పేది ఇదే. రోజూ ఇలా జరిగితే మంచం ఎక్కగానే మెలకువగా ఉండటం మెదడుకు అలవాటైపోతుంది.

ఈ అలవాటును విడిపించేది సీబీటీ-ఐ, అంటే నిద్ర గురించిన ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. అదే మొదటి వైద్యం, మాత్ర కాదు. నిద్ర ముంచుకొచ్చేదాకా మంచం ఎక్కకండి, పన్నెండైనా సరే. కాసేపటికీ పట్టకపోతే లేచి హాల్లో మసక వెలుతురులో కూర్చోండి. ఫోన్ వద్దు. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం కునుకు మానండి. మొదటి వారాల్లో పగటి మత్తు ఇంకాస్త పెరగొచ్చు. అప్పుడు బండి నడపకండి.

మెడికల్ షాపులో అడిగి అల్ప్రజోలం లాంటి మత్తు మాత్రలు తెచ్చుకోవద్దు, అలవాటు పడిపోతారు. ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ తగ్గించుకుంటూ రావాలి.

మీ వయసులో ఒంట్లో వేడి ఆవిర్లు, థైరాయిడ్, గురక, రాత్రిళ్లు కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండటం కూడా చూడాలి. రెండు వారాలపాటు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో పొద్దునే ఒక నోట్‌బుక్‌లో రాసి, సైకియాట్రిస్ట్‌ దగ్గరికి వెళ్లేటప్పుడు అది వెంట తీసుకెళ్లండి.